వేలంలో ఇల్లు కొంటున్నారా? ఇవి తెలుసుకోండి

గుంటూరు: మిర్చి, పత్తి ధరలు పతనమైతే ఆ ప్రభావం పొలంతో ఆగదు. అప్పులు పేరుకుపోయి తాకట్టు పెట్టిన ఇళ్లు సైతం వేలానికి వస్తుంటాయి. చౌకగా లభిస్తోందని తొందరపడిన కొనుగోలుదారు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సి రావచ్చు. ఇల్లు కోల్పోయే కుటుంబానికీ చట్టం కొన్ని హక్కులు కల్పించింది.

బ్యాంకు వేలం

2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని విక్రయించవచ్చు. రుణం మొండి బకాయిగా మారాక 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. అప్పటికీ చెల్లించకుంటే ఇంటిని స్వాధీనం చేసుకుని వేలం వేస్తారు. పాట దక్కించుకున్నవారు 25 శాతం సొమ్మును అదేరోజు లేదా మరుసటి పనిదినానికి, మిగిలినది అమ్మకం ఖరారైన 15 రోజుల్లో చెల్లించాలి. లిఖితపూర్వక అంగీకారంతో గడువును 3 నెలల వరకు పెంచుకోవచ్చు. విఫలమైతే కట్టిన సొమ్ము దక్కదు.

బ్యాంకు చర్యపై రుణగ్రహీత 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. వేలం ప్రకటన వెలువడ్డాక బాకీ కట్టి ఆస్తిని విడిపించుకునే హక్కు ఉండదని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు.

కోర్టు వేలం

ప్రామిసరీ నోటు బాకీపై డిక్రీ పొందినవారు కోర్టు ద్వారా ఆస్తిని వేలం వేయిస్తారు. అయితే వ్యవసాయదారుడు నివసిస్తున్న సొంత ఇంటిని జప్తు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది. తాకట్టు పెట్టిన ఇంటికి ఈ రక్షణ ఉండదు. వేలం జరిగిన 60 రోజుల్లోగా బాకీతోపాటు, కొనుగోలుదారు కోసం పాట ధరలో 5 శాతం డిపాజిట్ చేసి అమ్మకం రద్దు కోరవచ్చు.

ఐపీతో జాగ్రత్త

అప్పుల్లో మునిగిన వ్యక్తి వద్ద నేరుగా కొనేవారూ అప్రమత్తంగా ఉండాలి. అమ్మిన రెండేళ్లలోపు అతనిపై ఐపీ దాఖలై, దివాలా తీసినట్లు కోర్టు ప్రకటిస్తే ఆ విక్రయం రద్దయ్యే అవకాశముంది. సద్బుద్ధితో, తగిన ప్రతిఫలం చెల్లించి కొన్నవారికి మాత్రం రక్షణ ఉంటుంది. అందువల్ల చెల్లింపులన్నీ బ్యాంకు ద్వారానే జరపడం మేలు.

కొనేముందు

సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ తీసుకోవాలి. పెండింగ్ వ్యాజ్యాలు అందులో కనిపించకపోవచ్చు కనుక న్యాయవాది ద్వారా విచారించాలి. ఇంటి పన్ను, విద్యుత్ బకాయిలు, ఇంట్లో ఎవరుంటున్నారన్నది స్వయంగా చూసుకోవాలి. 'ఉన్నది ఉన్నట్లుగా' అనే షరతు ఉంటే ఆ భారం కొనుగోలుదారుదే.

బ్యాంకు వేలం సొమ్ములో బాకీ, ఖర్చులు పోగా మిగిలినది హక్కుదారుకే చెందుతుంది. ఇల్లు కోల్పోయినవారు ఆ లెక్క అడిగి తీసుకోవాలి.