సైరన్ మోగకముందు డాక్టరు చేసే పని

19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను జంక్షనుగా, వర్క్‌షాపు ఊరుగా కట్టుకుంటున్న రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు పనికోసం వచ్చి గ్యాంగుల్లో, షెడ్డుల్లో కుదురుకున్నారు. అలాంటి ఊళ్లో వేళకాని వేళ సైరన్ మోగితే లైను మీద ఎక్కడో ఏదో అయిందని అర్థం. డ్రైవరూ గార్డూ ఒకవైపు పరుగెత్తితే, రైల్వే ఆసుపత్రి డాక్టరు, డ్రెస్సర్లు పట్టాల మీద నడిచే మెడికల్ వ్యాన్ నిలిపిన సైడింగు వైపు పరుగెత్తాలి.

ఈ వ్యాన్‌కు రైల్వే పెట్టిన గడువు గట్టిది. రెండు వైపులా దారి ఉన్న సైడింగు నుంచైతే ఆర్డరు అందిన 15 నిమిషాల్లో కదలాలి, ఒకే వైపు దారి ఉంటే 20 నిమిషాలు. లోపల ఆపరేషన్ గది, పడకలు, స్ట్రెచర్లు, సీలు వేసిన పెట్టెలు ఉంటాయి. ఏ ఇంజక్షన్ గడువు తీరిందో, ఏ సిలిండర్‌లో ఆక్సిజన్ తగ్గిందో చూసుకునే పూచీ డాక్టరుది. చాలాకాలం పిలుపు రాకపోతే మాక్ డ్రిల్ చేస్తారు. అత్యవసర సేవకు పెద్దగా ఉండే వైద్యుడి అసలు పని ఇదే. నలుగురూ మెచ్చేది ప్రమాద స్థలంలో చేసిన సాహసాన్ని. ఎవరూ చూడని రోజు పెట్టె విప్పి చూసిన ఓపికను ఎవరు మెచ్చుకుంటారు?

బయటి ప్రపంచం అత్యవసర సేవకు వైద్యుడు పెద్దగా ఉండే ఈ పదవిని మరో దారిలో కనుక్కుంది. 1966లో బెల్‌ఫాస్ట్‌లో గుండె వైద్యుడు పాంట్రిడ్జ్ గుండెపోటు వచ్చినవాళ్ల దగ్గరికి డాక్టరునే వ్యాన్‌లో పంపాడు. అంతమంది డాక్టర్లు ఎక్కడ దొరుకుతారు? డాక్టర్లు కానివాళ్లకు ఆ పని నేర్పడం మరో దారి. 1967లో పిట్స్‌బర్గ్‌లో మొదలైన ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్‌లో పనిచేసింది ఉద్యోగాల్లేని నల్లజాతి యువకులు. వాళ్ల శిక్షణకు రూపం ఇచ్చింది డాక్టర్ పీటర్ సఫార్. తర్వాత మెడికల్ డైరెక్టరుగా వచ్చిన నాన్సీ కరోలిన్ వాళ్లతో పాటు అంబులెన్సెక్కి తిరిగింది, చేసిన పనిని దగ్గరుండి సరిదిద్దింది, పారామెడిక్కుల కోసం పాఠ్యపుస్తకం రాసింది. నన్నడిగితే ఈ పదవికి ఆవిడే కొలబద్ద. అమెరికా అత్యవసర వైద్య సేవలను వైద్యంలో ప్రత్యేక ఉపశాఖగా గుర్తించేసరికి 2010 వచ్చింది.

మన దగ్గర 108 అంబులెన్స్ సేవ హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైంది. అంబులెన్సులోని అత్యవసర వైద్య సహాయకుడు (ఈఎంటీ) ఫోన్ చేస్తే కాల్ సెంటర్‌లోని డాక్టరు ఏం చేయాలో చెబుతాడు. మేలైన ఏర్పాటే. కానీ అప్పటికప్పుడు సలహా చెప్పడం సగం పనే. ఆ సలహా ఎలా ఉండాలో ముందుగా రాసిపెట్టడం, తర్వాత కేస్ షీట్లు తిరగేయడం, తప్పుచేసినవాణ్ని పక్కకు పిలిచి మళ్లీ నేర్పడం, అవసరమైతే బండి ఎక్కనివ్వకపోవడం మిగతా సగం. ఎమర్జెన్సీ మెడిసిన్‌లో ఎండీకి అప్పటి మన మెడికల్ కౌన్సిల్ గుర్తింపు వచ్చిందే 2009లో. కాబట్టి ఆ మిగతా సగానికి మనుషులు తయారవడం ఆలస్యమైంది.

ఖరగ్‌పూర్ డివిజన్‌కు పరీక్షలు మాత్రం ఆగలేదు. 2010 మే 28 అర్ధరాత్రి దాటాక ఖేమాసులి, సర్దిహా మధ్య జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది, పడిన పెట్టెలను గూడ్సు బండి ఢీకొట్టింది. 140 మందికి పైగా చనిపోయారు. అది విద్రోహ చర్య, అప్పట్లో చుట్టూ మావోయిస్టుల ప్రాబల్యం. అలాంటి చోటికి సిబ్బందిని పంపేటప్పుడు వాళ్ల ప్రాణాల లెక్క కూడా డాక్టరే చూసుకోవాలి.

2023 జూన్ 2 సాయంత్రం ఇదే డివిజన్‌లోని బహానగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ రైలు ప్రమాదం జరిగింది. ఖరగ్‌పూర్ నుంచి అక్కడికి 100 కిలోమీటర్లకు పైగానే, వ్యాన్ ఎంత త్వరగా కదిలినా మొదట చేరేది పక్క ఊరివాళ్లే. చేరారు కూడా, మొబైల్ వెలుగులో పెట్టెల్లోంచి జనాన్ని లాగారు. గాయపడినవాళ్లు వేయికి పైగా. సోరో, బాలేశ్వర్ ఆసుపత్రులు కిక్కిరిశాయి, తర్వాత కటక్, భువనేశ్వర్. ఎవరిని దగ్గరి ఆసుపత్రిలో ఉంచాలి, ఎవరిని మరో రెండు మూడు గంటలు ప్రయాణం చేయించి పెద్దాసుపత్రికి పంపాలి అన్నది అప్పటికప్పుడు తేలే లెక్క కాదు. రైల్వే డాక్టరూ, జిల్లా వైద్యాధికారీ, 108 డాక్టరూ ముందే ఒకచోట కూర్చుని, ఆ రాత్రి ఎవరి మాట చెల్లాలో రాసుకుని ఉండాలి.