ఆంధ్రశబ్దచింతామణి నన్నయకృతియా?

ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతార్యలలో రచింపఁబడిన తెలుఁగు వ్యాకరణము. దీనికి సంజ్ఞ, సంధి, అజంతము, హలంతము, క్రియ యని యైదు పరిచ్ఛేదములు. కర్త నన్నయభట్టారకుఁడని పాఠశాలలలో బహుకాలముగాఁ జెప్పుచున్నాము, నేనును జెప్పితిని. కాని ప్రమాణములు పరస్పరవిరుద్ధములుగా నున్నవి. ఏ సాక్షి యెంతవఱకుఁ జెప్పఁగలఁడో చూడవలయును.

నన్నయ రాజరాజనరేంద్రుని (1022-1061) యాస్థానకవి. ఈ గ్రంథమును నన్నయదని గ్రహించి వ్యాఖ్య రచించిన యెలకూచి బాలసరస్వతి పదునేడవ శతాబ్దమువాఁడు. 1656 నాఁటి యప్పకవీయమున దీని కథ గలదు. తన రాఘవపాండవీయమును నన్నయ యడఁచెనని కినిసి భీమకవి చింతామణిని గోదావరిలోఁ గలిపెనఁట; బాల్యమున దానిని వల్లించిన రాజరాజతనయుఁడు సారంగధరుఁడు సిద్ధుఁడై, మతంగగిరియందు బాలసరస్వతి కొసఁగెనఁట.

అద్భుతకథ యని దీనిని త్రోసివేయువారు గలరు. నేను త్రోయను. గ్రంథ మాఱు శతాబ్దములు కానరాకుండుటకుఁ గారణము చెప్పవలసివచ్చినందుననే యీ కథ పుట్టినది. అనగా ననుకూలసాక్షిగాఁ బిలువఁబడిన యప్పకవియే గురుశిష్యపరంపర తెగినదని యొప్పుకొనుచున్నాఁడు.

ఇఁక ప్రతికూలసాక్షి కేతన. ఇతఁడు పదుమూఁడవ శతాబ్దమువాఁడు, తిక్కనకు దశకుమారచరిత్ర మంకితమిచ్చినవాఁడు. తెనుఁగునకు లక్షణ మింతకుమున్నెవ్వరును జెప్పలేదని యాంధ్రభాషాభూషణమునఁ జెప్పుచు, నాపద్యముననే నన్నయాదికవులను స్మరించినాఁడు. ‘తెనుఁగు భాషలోఁ జెప్పలేదనియే యర్థము, సంస్కృతమునఁ జెప్పియుండవచ్చును’ అని కొందఱి సమాధానము. ఇది వ్యాకరణమునకు నిలువదు. ‘తెనుఁగునకు’ అన్నది షష్ఠి; ‘తెనుఁగునందు’ అని సప్తమి గాదు. లక్షణ మేభాషలో నున్నను తెనుఁగునకైనచో నీ నిషేధమున కది లోఁబడును. గ్రంథము మునిఁగిపోయినందునఁ గేతన యెఱుఁగఁడందురా? ఆమాట యుక్తమే. అప్పుడు భార మంతయు సారంగధరుని యొక్కని ధారణపైఁ బడును. శాసనములు రాజరాజుకుమారునిగా నెఱిఁగించువాఁడు రాజేంద్రుఁడు; అతఁడే 1070లో కులోత్తుంగచోళుఁడై చోళసింహాసన మెక్కెను.

నన్నయపక్షమున బలమైన యుపపత్తి యొకటి గలదు. భారతావతారికలో నతఁడు తన్ను విపులశబ్దశాసనుఁడని చెప్పికొన్నాఁడు. వాగనుశాసనుఁడను ప్రసిద్ధియు బాలసరస్వతికిఁ బూర్వమే వసుచరిత్రమునఁ గానవచ్చును. అయినను విపులమైన శబ్దశాసనము గలవాఁడని విగ్రహము చేసినచో, నతఁడు వ్యాకరణవేత్త యని తేలును గాని, సూత్రకర్త యని తేలదు. మహాభాష్యారంభమున శబ్దానుశాసన మన్నది సంస్కృతవ్యాకరణమునకే గదా. నందంపూఁడి శాసనకర్త కా పాండిత్య ముండుట వింతగాదు.

కావున నా మతమునఁ జింతామణి నన్నయదని స్థాపించుట కిప్పుడున్న యాధారములు చాలవు. కేతనవాక్యము దానికి విరోధి. వ్యాఖ్యాతయే మూలకర్త యనువారి మాటనుగూడ నే నంగీకరింపను. ఒకని నుండి తీసివేసినంతమాత్రమున వేఱొకనిపై మోపరాదు. దానికి వేఱే నిదర్శనము కావలయును.

ఇది బిరుదమునకై కలహము గాదు. సూత్రము నన్నయదే యని నమ్మినవాఁడు, భారతమున సూత్రవిరుద్ధమగు ప్రయోగము కనఁబడినప్పుడు లేఖకదోష మని దిద్దఁజూచును. నమ్మనివాఁడు తాళపత్రప్రతులను బోల్చి, పాఠము నిలిచినచోఁ బ్రయోగమునే ప్రమాణముగాఁ గొని, సూత్రమునకు వ్యభిచారము చూపును. భారతపరిష్కర్త లీ రెండవ మార్గమునే యవలంబింపవలయునని నా విన్నపము.