మామగారి స్కూటరుకి బ్రేక్ షూలు

మా ఇంటి వరండాలో ఒక చేతక్ స్కూటరుంది. మా మామగారిది. 1974లో డబ్బు కట్టి పేరు రాయించుకుంటే 1981లో చేతికొచ్చిందట. నేను ఆ ఇంటి కోడల్నై అడుగుపెట్టేనాటికే అది అక్కడుంది కనుక, వరసలో నాకంటే పెద్దదే. ఆయుధపూజనాడు మొదటి నిమ్మకాయ దాని చక్రం కిందే పడాలి. ఆ తర్వాతే మా కారుకి!

మొన్న వేసవిలో కోటకొండ వైపునుంచి దిగుతూ ఉంటే వెనక బ్రేకు పట్టలేదు. ఎప్పటిలాగే మనవరాలు ముందు నిలబడి ఉంది. ఎవరో ఇల్లు కట్టుకుంటూ రోడ్డు పక్కన ఇసుక పోయించారు. వాళ్ళు చల్లగా ఉండాలి, స్కూటరు ఆ ఇసుకలో దిగబడి ఆగింది. పిల్లకి మోచెయ్యి గీరుకుంది, అంతే. కానీ ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

"పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం నాన్నా" అన్నారు మా వారు. మామగారు జవాబు చెప్పలేదు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ స్కూటరు లేకపోతే ఆయన ఉదయం పాలకీ, సాయంత్రం స్నేహితుడి ఇంటికీ ఎవర్నో ఒకర్ని అడిగి వెళ్ళాలి. ఎనభై దగ్గరపడ్డ మనిషికి అడగడమంటే ఎంత కష్టమో నాకు తెలుసు. ఏమైనా సరే, ఆ బ్రేక్ షూలు సంపాదించి తీరాలనుకున్నాను.

మా అబ్బాయి నవ్వి, "దీనికింత ఆలోచనెందుకమ్మా, ఫోన్లో నొక్కితే ఇంటికొస్తాయి" అన్నాడు. నొక్కాడు. పెట్టె హైదరాబాదు వెళ్ళింది! అక్కడ మెట్రో రైలాగే రాయదుర్గం ఒకటుంది కదా, పిన్ కోడు దానిది పడిపోయింది. మనది 515తో మొదలవుతుంది, వాళ్ళది 500తో. ఎట్టకేలకు పదకొండో రోజున వచ్చింది. ప్యాకెట్టు మీద రంగులూ అక్షరాలూ చూడముచ్చటగా ఉన్నాయి. మా వీధి చివర మెకానిక్ దాన్ని గోటితో గీకాడు. పిండిలా రాలింది.

"ఇది కంపెనీ మాల్ కాదక్కా. ఇది వేసి పాపను ఎక్కిస్తే పాపం నాకు తగులుతాది" అన్నాడు.

పెట్టె తిప్పి పంపేశాం. డబ్బు వెనక్కొచ్చింది, ఆ మాట దాచకూడదు. మా వారు పనిమీద అనంతపురం వెళ్ళినప్పుడు ఒక పెద్ద షోరూములో అడిగారు. కౌంటరు దగ్గర కుర్రాడు కంప్యూటర్లో చూసి, "చేతక్ అంటే కరెంటు బండేనా సార్?" అన్నాడట. పాతది అని చెబితే ఆ మోడల్ సామాను తాము ఉంచడం లేదన్నాడు. పాపం, ఆ స్కూటరు పుట్టేనాటికి అతని తండ్రి బడికి వెళుతూ ఉంటాడేమో!

అప్పట్నుంచీ నాకొక ఆలోచన పట్టుకుంది. అసలు విడిభాగం అనే మాట మన జీవితాల్లోకి ఎప్పుడొచ్చింది? మా పుట్టింట్లో ఎద్దుల బండి ఉండేది. ఇరుసు అరిగినా చీల ఊడినా ఎవరూ కొట్టుకి వెళ్ళి కొనేవారు కాదు. వడ్రంగి ఆకులు చెక్కేవాడు, కమ్మరి ఇనప పట్టా ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగేవాడు. ఆ చక్రం ఆ బండికే సరిపోయేది. పక్కింటి బండికి పట్టేది కాదు.

మోటారు బళ్ళు కూడా మొదట్లో అంతేనట. 1908లో కాడిలాక్ అనే అమెరికా కంపెనీ ఇంగ్లండులో ఒక పరీక్షకి నిలబడింది. మూడు కార్లను ఏ ముక్కకా ముక్క ఊడదీసి, అన్నీ కలగాపులగం చేసి కుప్ప పోశారు. అందులోంచి 89 భాగాలు తీసేసి, బదులుగా అక్కడి డీలరు దగ్గరున్నవి తెచ్చి పెట్టారు. మన వంటింట్లో మూడు మిక్సీల గిన్నెలూ మూతలూ కలిపేసినట్టన్నమాట. రెంచీలూ స్క్రూడ్రైవర్లతో మళ్ళీ మూడు కార్లు కట్టి, బ్రూక్లాండ్స్ పందెపు బాటలో 500 మైళ్ళు తోలారు. నడిచాయి! ఆకురాయి పట్టి అరగదీయకుండా ఏ ముక్క ఏ బండికైనా పడుతుందని లోకానికి అప్పుడు నమ్మకం కుదిరింది.

నమ్మకం కుదిరిందో లేదో, డీలరుకి పోటీ కూడా పుట్టేసింది. 1909లో కాన్సాస్ సిటీలో జార్జి పెప్పర్డైన్ అనే యువకుడు 5 డాలర్లు పెట్టి తపాలా బిళ్ళలు కొని, ఫోర్డు కార్లున్నవాళ్ళకి ఉత్తరాలు రాశాడు. మీకు కావలసిన సామాను టపాలో పంపుతానన్నాడు. వెస్టరన్ ఆటో అనే పెద్ద సంస్థ అలా మొదలైంది. కనుక ఇంట్లో కూర్చుని బండి సామాను తెప్పించుకోవడం మా అబ్బాయి తరం కనిపెట్టిన విద్యేమీ కాదు. ఆ మాటకొస్తే మనకి 1877 నుంచే వీ.పీ.పీ. ఉంది. పుస్తకాలూ మందులూ వీ.పీ.లో తెప్పించుకుని, పోస్టుమాన్ చేతిలో డబ్బు పెట్టి పెట్టె అందుకున్నవాళ్ళు మీలో ఎందరో ఉంటారు. సరుకొచ్చాక డబ్బివ్వండని ఇప్పుడు ఫోన్లో కనిపించేది దాని మనవరాలే. విప్పి చూడకముందే డబ్బు కట్టాలన్న బెంగ అప్పుడూ ఉండేది.

మరి మన దేశంలో డీలరుకి అంత పెద్దరికం ఎలా వచ్చింది? ఇది మా మామగారు చెప్పవలసిన కథ. బజాజ్ వాళ్ళు మొదట ఇటలీ వెస్పాలు దిగుమతి చేసేవారు. తర్వాత లైసెన్సు మీద ఇక్కడే చేశారు. 1971లో ఆ ఒప్పందం ముగిసింది. 1972లో రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టి చేతక్ తెచ్చారు. ఎన్ని బళ్ళు చెయ్యాలో ప్రభుత్వం లైసెన్సిచ్చిన కాలం అది. కావలసినవాళ్ళు లక్షల్లో, బళ్ళు వేలల్లో. పదేళ్ళు కాచుకున్నవాళ్ళూ ఉన్నారు. విదేశాల్లో బంధువులుండి విదేశీ డబ్బు కట్టగలిగినవాళ్ళకి ముందుగా దొరికేది. వాడిన బండి కొత్తదానికంటే ఎక్కువ ధరకి అమ్ముడుపోయేదంటే మా అబ్బాయి నమ్మడు. పెళ్ళిచూపుల్లో "అబ్బాయికి స్కూటరు అలాటయింది" అంటే ఉద్యోగం పర్మనెంటయినంత గౌరవం! అలాంటి రోజుల్లో డీలరు గుమాస్తా పలకరించి నవ్వితే అదే పదివేలు. మా మామగారు డెలివరీ కాగితాన్ని ఈనాటికీ పట్టాపుస్తకంతో కలిపి బీరువాలో దాచుకున్నారు.

సామాను మాత్రం ఆయన డీలరు దగ్గర కొన్నది తక్కువే. మాకు బళ్ళారి ఉంది కదా! 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి జిల్లాను విడదీసి మా తాలూకాను అనంతపురంలో కలిపారు. జిల్లా మారింది గానీ కాళ్ళు మారలేదు. బళ్ళారి 50 కిలోమీటర్ల చిల్లర, అనంతపురం దాదాపు దానికి రెట్టింపు. పెళ్ళి బట్టలకీ, కంటి డాక్టరుకీ, స్కూటరు కేబుళ్ళకీ బళ్ళారే.

కార్ల విషయంలో ఈ డీలరు పెత్తనం చివరికి ఢిల్లీదాకా వెళ్ళింది. విడిభాగాలూ మరమ్మతు పుస్తకాలూ బయట మెకానిక్కులకి దొరకనివ్వడం లేదని ఫిర్యాదు రాగా, 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి రెండున్నర వేల కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. కంపెనీలు ఊరుకుంటాయా, పై కోర్టులకెక్కాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. కార్ల నుంచి ఫోన్ల దాకా దేన్ని ఎలా బాగుచేయించుకోవాలో కంపెనీలు అందులో చెప్పాలి. బాగానే ఉంది. కానీ బజాజ్ వారు 2009 డిసెంబరులోనే ఇక స్కూటర్లు చెయ్యమని ప్రకటించేశారు. 2020లో మళ్ళీ వచ్చిన చేతక్ బ్యాటరీది. పేరొక్కటే పాతది.

మళ్ళీ మా బ్రేక్ షూల దగ్గరికొస్తాను. మా అబ్బాయి ఓటమి ఒప్పుకునే రకం కాదు. ఫోన్లోనే ఎక్కడో పాత చేతక్ విడిభాగాల పుస్తకం పట్టుకున్నాడు. బండిని ముక్కముక్కలుగా విప్పి గీసిన బొమ్మలు, ఒక్కో ముక్కకి ఒక్కో నంబరు. వెనక బ్రేక్ షూ నంబరు కాగితం మీద రాసిచ్చాడు. అరిగిన షూలు పాత గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని, మామగారూ నేనూ బళ్ళారి బస్సెక్కాం. (పాత బ్రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండేదట. ఆ దుమ్ము నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.)

మూడు కొట్లలో లేదన్నారు. నాలుగో కొట్టు మా మామగారు యాభై ఏళ్ళుగా ఎరిగినది. పెద్దాయన పోయారు, కొడుకు కూర్చున్నాడు. కాగితం మీద నంబరు చూశాడు, అరిగిన షూ చూశాడు, నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. దిగేటప్పుడు చేతిలో దుమ్ము పట్టిన అట్టపెట్టె ఉంది. నంబరు కలిసింది. గోటితో గీకాను. రాలలేదు.

"ఇంకో జత ఉంటే అదీ ఇయ్యప్పా" అన్నారు మామగారు.

"ఇదే కడాది, సామీ. మళ్ళీ అరిగితే రిలైనింగ్ చేయిస్తాం, తెచ్చియ్యండి" అన్నాడతను.

మెకానిక్ షూలు బిగించి, ఇద్దరు కుర్రాళ్ళని ఎక్కించుకుని కోటకొండ వైపు నాలుగుసార్లు దిగి చూసి బండి అప్పగించాడు. మామగారు పాలకి వెళుతున్నారు. మనవరాల్ని మాత్రం ఎక్కించుకోవడం లేదు. ఎవరం అడ్డు చెప్పలేదు, ఆయనే మానేశారు. అది సాయంత్రాలు వరండాలో స్టాండు వేసిన స్కూటరు మీద నిలబడి హారను మోగిస్తుంది, ఆయన పక్కన కుర్చీలో కూర్చుని "మెల్లగా పోనియ్, మెల్లగా" అంటూ ఉంటారు. అరిగిన పాత జతని బీరువాలో, ఆ డెలివరీ కాగితం పక్కన పెట్టారు.