బుడ్డల పొట్టు మంట

ఆ పొట్టు ఇంకో చేటెడు పొయ్యి నాయనా. మంట ఎగరగూడదు, లోపల్లోపల కణకణా కాలాల. అప్పుడే ఈ సైలెన్సరు గొట్టానికి పట్టిన మసి పెళ్లలు పెళ్లలుగా ఊడొస్తుంది. కాస్టిక్ సోడాలో నానేసేవాళ్లు ఉన్నారు, నాకు మనసొప్పదు. ఇంట్లో ఇంత శెనక్కాయ బుడ్డల పొట్టు పెట్టుకొని ఆ ఘాటు మందు మనకెందుకు?

ఒకటే సిలిండరుకు రెండు సైలెన్సర్లు ఎందుకని పొద్దున అడిగితివి కదా. సిలిండరుకు ముందరపక్క రెండు దారులు పెట్టినారు, పొగ చెరోపక్క పోతుంది. టూ స్ట్రోక్ బండికి పొగ పొయ్యే దారే ప్రాణం. పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోస్తాం, 25 పాళ్లకు ఒక పాలు. సరిగ్గా కాలని ఆయిలే ఈ మసి. దారి పూడిందంటే బండి ఎంత తిప్పినా ముందుకు పోదు.

ఈ జావా బండిని నేను తెచ్చింది 1975లో. జావా అంటే అప్పటి చెకోస్లోవేకియా బండి. జానెచెక్ అనే ఆయన పేరులో ముందక్షరాలు, వాండరర్ అనే జర్మనీ కంపెనీ పేరులో ముందక్షరాలు కలిపితే ఆ పేరొచ్చింది. మా అవ్వకు అదంతా యాడ తెలుస్తుంది? "జావేందిరా, రాగిజావా?" అనేది. సచ్చేదాంకా దీన్ని రాగిజావ బండి అనే పిలిచింది. మైసూరులో ఇరానీ అనే ఇంటిపేరువాళ్లు ఐడియల్ జావా అని ఫ్యాక్టరీ పెట్టి 1961 నుంచి మన దేశంలోనే చేసినారు. 1973 నుంచి యెజ్డీ అని పేరు మార్చినారు. ఇది అంతకు ముందరిది, టాంకీ మీద ఆ పాత పేరు చూడు. సెకండ్ హ్యాండ్‌లో, బుడ్డలమ్మిన దుడ్లతో బెంగళూరులో కొని, నడుపుకుంటా వచ్చినా. ఆ పొద్దు పెనుకొండ దాటినాక కొండల్లో దీని శబ్దం తిరిగొస్తావుంటే రెండుసార్లు ఆపి, ఇంజను ఆపేసి, మళ్లా స్టార్ట్ చేసి విన్నా.

షోకుకు కొన్లేదు నాయనా. మన పక్క వాన ఎట్ల పడుతుందో నీకు తెల్సు. ఏడాదికంతా కలిపి 550 మిల్లీమీటర్లు, అదీ ఒక చేన్లో పడితే పక్క చేన్లో దుమ్ము లేస్తుంటాది. మనకు అప్పుడు మూడు దిక్కుల మూడు చేన్లు. రేత్రి ఉరిమిందంటే తెల్లారకముందే బండి తీసేవాణ్ణి. ప్రతి చేన్లో దిగి మట్టి పిడికిట్లో పట్టి పదను చూసేది. ముద్ద కడితే గొర్రు కట్టొచ్చు. ఎద్దుల బండి మీద పోతే మూడో చేను చేరేపాటికి ఎండకు పదను ఆరిపోయేది. రెండు మూడు దినాల్లో విత్తు పడకుంటే ఆ వాన దండగే. ఈ బండి వచ్చినాకనే నేను మూడు చేన్లలోనూ పదను మీద విత్తనమేసినా.

1987లో చూసేదానికి పదనే లేకపాయ. విత్తనాలకు దాచిన బుడ్డలు తిన్నాం, ఎద్దుల్ని సంతకు తోలినాం. పెట్రోలు యాడిది? గొడ్లు పోయినాక కొట్టం బోసిపోయింది, ఆడ వాటి జాగాలో దీన్ని నిలబెట్టినా. పాత ఇనుము కొనేవాడు ఎన్నిసార్లు గుమ్మంలోకొచ్చినాడో. తూకానికి ఇయ్యలేదు.

మొన్న నువ్వు గోనెసంచులు తీసినప్పుడు చూసినావు కదా. రబ్బరన్నదంతా పగిలిపోయింది, ఎయిర్ ఫిల్టర్లో ఎలకలు పిల్లలు పెట్టినాయి, సీటు కొబ్బరి పీచైంది. కానీ చక్రాల మీద క్రోము? గుడ్డతో తుడిస్తే నీ ముఖం కనపడె. సముద్రం పక్క ఊర్లో అయితే ఇన్నేండ్లకు రేకు కూడా మిగలదు. మన దగ్గర గాల్లో తేమే లేదు, ఇంగ తుప్పెట్ల పడుతుంది? దీన్ని మూల నిలబెట్టిన కరువే ఇట్ల దాచిపెట్టిందని నాకు ఆ పొద్దు అనిపించింది. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి.

పిస్టను మాత్రం పట్టేసుండె. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో కిరసనాయిలూ ఇంజన్ ఆయిలూ కలిపి పోసి, వారం ముట్టుకోనియ్యలేదు నిన్ను. నీకు కోపమొచ్చింది. సుత్తితో కొడదామంటివి. వారమైనాక గేర్లో ఏసి, వెనక చక్రం పట్టుకొని ముందుకు ఇంత, వెనక్కు ఇంత ఊపితే, నాలుగో దినం 'టిక్' అనింది. గుర్తుందా ఆ చప్పుడు? నా గుండె కూడా అట్లే అనింది.

ఆ తర్వాత నేనే తొందరపడినా. ఒక షాపులో బోరు కొట్టిస్తే, కొత్త పిస్టనుకూ గోడకూ మధ్య సందు చాలా తక్కువ పెట్టినారు. వేడెక్కితే అల్యూమినియం పిస్టను ఇనుప సిలిండరు కన్నా ఎక్కువ ఉబ్బుతుంది, ఆ జాగా వదలాల. పది కిలోమీటర్లు పోకముందే మళ్లా పట్టేసె. చింతచెట్టు కింద చల్లారేదాంకా కూచున్నాం. ఇంటికొచ్చి పిస్టను మీద గీతలు చూస్తే ఒళ్లు జలదరించింది. మళ్లా బెంగళూరు పోయి, సరైన కొలతకు బోరు కొట్టించినాం. ఈసారి మొదటి 500 కిలోమీటర్లు ఎవరు తోలినా నింపాదిగానే తోలాల, నీ స్నేహితులకు కూడా చెప్పు.

రంగు సంగతి మీ నాయన అడుగుతున్నాడు, కొత్తగా కొట్టిద్దామని. వద్దు. టాంకీకి రెండుపక్కలా నా మోకాళ్లు రుద్ది రుద్ది మెరూన్ వెలిసిన ఆ జాగాలు అట్లే ఉండనీ. ఆ మేకు లాంటి తాళంచెవి కూడా మార్చొద్దు, అది ఎన్నేండ్లు నా మొలతాడుకు వేలాడిందో.

కిక్కు కొట్టేది మళ్లా చూపిస్తా. గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పాల, అదే కిక్ రాడ్డు అవుతుంది. ముందు కార్బొరేటర్ మీద బొడిపె నొక్కు, పెట్రోలు చెమర్చేదాంకా. రేపు తెల్లారి పడమటి చేనికి పోదాం. సాయంత్రం ఆ దిక్కు మెరిసింది.

పట్టకారు అందీ. గొట్టం ఎర్రబడింది, బయటికి తీద్దాం. నీళ్లు పొయ్యద్దు, దానంతటదే ఆరనీ. ఆ తీగ బ్రష్షు యాడ పెట్టినావు?