డాఫ్నియా గుండె చెప్పిన లెక్క

రొయ్యల వర్గానికి చెందిన చిన్న మంచినీటి ప్రాణి డాఫ్నియా. ఒళ్ళు పారదర్శకం కనుక, సూక్ష్మదర్శినిలో దాని గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. 1929లో మెకార్థర్, బెయిలీ వీటిని వేర్వేరు ఉష్ణోగ్రతల్లో పెంచి చూశారు. సగటు ఆయుష్షు 28 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 26 రోజులు. 8 డిగ్రీల వద్ద 108. చలిలో ఎదుగుదల కూడా మందగిస్తుంది. గుండె వేగాన్ని ఆయుష్షుతో హెచ్చవేస్తే, చలిలోనైనా వేడిలోనైనా దాదాపు కోటిన్నర స్పందనలే! జీవనవేగం పెరిగితే ఆయుష్షు తగ్గుతుందన్న రేమండ్ పెర్ల్ 1928 నాటి వాదానికి ఇది బలమిచ్చింది.

"వ్యాయామం చేస్తే గుండె త్వరగా అరిగిపోదా?" అని అడిగే రోగులు తెలియకుండానే ఆ వాదాన్ని వల్లిస్తున్నారు. నీటి వేడిని బట్టి డాఫ్నియా జీవనవేగం మారుతుంది. మన దేహం తన ఉష్ణోగ్రతను తానే నిలుపుకుంటుంది. పైగా క్రమం తప్పని వ్యాయామం విశ్రాంతివేళ నాడివేగాన్ని తగ్గిస్తుంది. డాఫ్నియా లెక్క తప్పు కాదు. దానితో మన ఆయుష్షును కొలవడమే తప్పు.