పొట్ట తగ్గించే ఆపరేషన్లు: 140 ఏళ్ళ జమాఖర్చు

నేను డాక్టర్ని కాను. బి.కాం. చదివి, రక్షణ శాఖ పద్దుల ఆఫీసులో ముప్ఫై ఏళ్ళకు పైగా బిల్లులు తనిఖీ చేసి రిటైరైనవాణ్ని. అందుచేత ఇందులో వైద్య సలహా ఏమీ లేదు. ఒళ్ళు తగ్గడానికి చేసే ఆపరేషన్ వల్ల మనిషికి జమ అయ్యేదేమిటి, ఖర్చయ్యేదేమిటి, ఆ ఖర్చు సంగతి వైద్యులకి ఎప్పుడు ఎలా తెలిసింది అన్న చరిత్ర మాత్రమే చెబుతాను. ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఇప్పుడు మన చుట్టాల్లోనే కనిపిస్తున్నారు. తిన్న తర్వాత వాళ్ళకొచ్చే ఇబ్బందులకి మనవాళ్ళు చెప్పే కారణాలు మాత్రం మా అమ్మమ్మ కాలం నాటివే. అందుకే ఈ వ్యాసం.

జీర్ణాశయంలో కొంత భాగం కోసి తీసేసినా మనిషి బతకగలడని మొదట రుజువు చేసినవాడు వియన్నాలో పనిచేసిన థియోడర్ బిల్‌రోత్. 1881 జనవరి 29న, కాన్సర్ ఉన్న 43 ఏళ్ళ స్త్రీకి జీర్ణాశయం కింది భాగం తీసేసి, మిగిలినదాన్ని చిన్నపేగుకి కలిపి కుట్టాడు. అంతకుముందు 1879లో పేయాన్, 1880లో రిడిగియర్ ఇదే పని చేస్తే రోగులు దక్కలేదు. బిల్‌రోత్ రోగి కోలుకుని ఇంటికి వెళ్ళింది. కాన్సర్ వేరే చోట్లకి పాకి కొన్ని నెలలకి చనిపోయింది గానీ, ఆపరేషన్ మాత్రం నిలబడింది. ఆ తర్వాత కడుపులో పుండ్లకి కూడా ఈ తరహా ఆపరేషన్లు విరివిగా చెయ్యడం మొదలుపెట్టారు.

అప్పుడు బయటపడింది కొత్త ఫిర్యాదు. పుండు నయమైంది, కానీ భోజనం చేసిన కాసేపటికి గుండె దడ, చెమటలు, కళ్ళు తిరగడం, విరేచనం. జీర్ణాశయం మరీ తొందరగా ఖాళీ అయిపోవడమే దీనికి కారణమని 1913లో లండన్ వైద్యుడు ఆర్థర్ హర్ట్జ్ రాశాడు. 1922లో అమెరికాలో చార్లెస్ మిక్స్ దీనికి 'డంపింగ్' అన్న మాట వాడాడు. బండిలో సరుకంతా ఒక్కసారిగా కుమ్మరించినట్టు అన్నమాట. ఆ పేరే స్థిరపడింది.

జీర్ణాశయం అంటే తిండి పడేసే సంచి అని మనం అనుకుంటాం. దాని అసలు పని స్టోర్ కీపరు పని. వచ్చిన సరుకుని కలిపి, మెత్తగా చేసి, చిన్నపేగు ఎంత పుచ్చుకోగలదో అంతే కొంచెం కొంచెంగా గేటు తీసి పంపుతుంది. ఆ గేటు తీసేస్తే తీపి, చిక్కటి పదార్థం ఒక్కసారిగా పేగులో పడుతుంది. దాన్ని పలచన చెయ్యడానికి ఒంట్లోని నీరు పేగులోకి వస్తుంది. దాంతో దడ, నీరసం, కడుపులో మెలిపెట్టడం. ఇది తిన్న అరగంటలోపు వచ్చేది. గంట నుంచి మూడు గంటల తర్వాత వచ్చేది ఇంకొకటి ఉంది. చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా చేరడంతో ఇన్సులిన్ ఎక్కువగా విడుదలై, రక్తంలో చక్కెర ఉండాల్సిన దానికంటే కిందకి పడిపోతుంది. చేతులు వణుకుతాయి, కళ్ళు బైర్లు కమ్ముతాయి.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా మేనకోడలు కొన్నేళ్ళ కిందట గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకుంది. ఒక గృహప్రవేశంలో బలవంతం మీద రెండు బొబ్బట్లు, పాయసం తింది. పావుగంటకల్లా చెమటలు పోసి కూలబడిపోయింది. మా అక్కయ్య ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదట, కనక గట్టి దిష్టేనని తేల్చారు. "సన్నబడ్డదని అందరి కళ్ళూ దీనిమీదే" అన్నారు పెద్దలు. ఓ పెద్దాయన అయితే, దేవుడిచ్చిన పొట్ట కోయించుకుంటే ఊరికే పోతుందా అన్నారు.

నేను వాదించలేదు. "అమ్మాయ్, ఒక నోటుబుక్కు పెట్టు. ఏం తిన్నావు, ఎన్నింటికి తిన్నావు, ఒంట్లో ఎప్పుడు తేడా చేసింది, అంతే రాయి" అన్నాను. మూడు వారాల తర్వాత చూస్తే, అయిదుసార్లు ఇబ్బంది వచ్చింది, అయిదుసార్లూ తీపి తిన్న అరగంటలోపే. అదే ఇరుగుపొరుగు చూస్తుండగా పెసరట్టు తిన్న రోజుల్లో ఏమీ కాలేదు. దిష్టికి పెసరట్టు మీద ప్రత్యేకమైన దయ ఉన్నట్టుంది! ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఆహార పట్టికలో ఇదంతా రాసే ఉంది, కాకపోతే ఇంగ్లీషులో. వంట చేసే వాళ్ళ అత్తగారికి ఇంగ్లీషు రాదు. నేను దాన్ని తెలుగులో రాసి ఇచ్చాను. ఆవిడ వంటింటి తలుపుకి అంటించుకున్నారు.

మళ్ళీ చరిత్రలోకి వద్దాం. ఒళ్ళు తగ్గించడం కోసమే చేసిన తొలి ఆపరేషన్లు జీర్ణాశయాన్ని ముట్టుకోలేదు, పేగుని కుదించాయి. 1954లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన క్రెమెన్, లినర్, నెల్సన్‌లు కుక్కల మీద చేసిన పరిశోధనతో ఈ దారి తెరిచారు. లాస్ ఏంజెలిస్‌లో పేన్, డివిండ్‌లు మొదట చిన్నపేగు పైభాగాన్ని నేరుగా పెద్దపేగుకి కలిపారు. రోగులు బరువు బాగా తగ్గారు, కానీ ఆగని విరేచనాలు, ఒంట్లో లవణాలు తప్పిపోవడం, కాలేయం చెడిపోవడం. దాన్ని మానేసి, 1969లో మరో లెక్క ప్రకటించారు: చిన్నపేగు పైనుంచి 14 అంగుళాలు, చివర 4 అంగుళాలు కలిపి, మధ్యదంతా పక్కన పెట్టడం. ఇరవై అడుగుల పేగులో తిండి నడిచేది 18 అంగుళాలే!

వేలమందికి ఇది చేశారు. ఏళ్ళు గడిచాక ఖర్చు బయటపడింది. పక్కన పెట్టిన పేగులో సూక్ష్మజీవులు పెరిగి కీళ్ళనొప్పులు. జీర్ణం కాని కొవ్వు కాల్షియాన్ని పట్టేసుకోవడంతో, ఆక్సలేట్ రక్తంలోకి చేరి మూత్రపిండాల్లో రాళ్ళు. కొందరికి కాలేయం పూర్తిగా దెబ్బతింది. 1980ల నాటికి ఈ ఆపరేషన్‌ని దాదాపు వదిలేశారు. చేసినవాళ్ళలో చాలామందిని మళ్ళీ కోసి పేగుని యథాస్థితికి తేవలసి వచ్చింది. తమ విద్య చేసిన నష్టాన్ని వైద్యులే లెక్కగట్టి, తమ పత్రికల్లోనే అచ్చువేసి, తామే మానేశారు. తాయెత్తు కట్టేవాళ్ళలో ఎవరైనా, ఇది ఇంతమందికి పనిచెయ్యలేదు కాబట్టి మానేస్తున్నాం అని ప్రకటించగా మీరెప్పుడైనా విన్నారా?

ఈలోగా అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ వేరే దారి పట్టాడు. పుండ్ల కోసం జీర్ణాశయం చాలా భాగం తీసేసినవాళ్ళు బరువు పెరగకపోవడం ఆయన గమనించాడు. వాళ్ళకి నష్టమైనది స్థూలకాయులకి లాభం కావచ్చు కదా! 1966లో ఆయన, ఇటో కలిసి గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టారు. జీర్ణాశయంలో పైన చిన్న సంచి మాత్రం వదిలి, దాన్ని చిన్నపేగుకి కలపడం. 1994లో విట్‌గ్రోవ్, క్లార్క్‌లు దీన్ని లాపరోస్కోపీతో, చిన్న రంధ్రాల ద్వారా చేసిన సంగతి ప్రచురించారు. ఆ తర్వాత వచ్చిన స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయాన్ని మూడొంతులకు పైగా తీసేసి అరటిపండంత గొట్టంలా మిగులుస్తారు. ఇందులో గేటు మిగులుతుంది కాబట్టి డంపింగ్ తక్కువ. బదులుగా కొందరికి గుండెల్లో మంట, పులితేన్పులు ఎక్కువ. ఏ పద్ధతిలోనూ ఖర్చు సున్నా కాదు.

కంటికి కనపడని ఖర్చు విటమిన్లది. 1929లో బోస్టన్ వైద్యుడు విలియం కాసిల్, ప్రాణాంతకమైన ఒక రక్తహీనత మీద వింత ప్రయోగం ప్రచురించాడు. మామూలు మాంసం పెడితే రోగులకి గుణం కనపడలేదు. ఆరోగ్యవంతుడి పొట్టలో కాసేపు నానిన మాంసాన్ని బయటికి తీసి పెడితే రక్తం పట్టింది. అంటే జీర్ణాశయమే ఏదో ఒక పదార్థాన్ని కలుపుతోంది. అది లేకపోతే బి12 ఒంటికి పట్టదు. ఆపరేషన్ తర్వాత బి12 జీవితాంతం ఎందుకు వాడమంటారో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఒంట్లో నిలవ ఉన్న బి12 కొన్నేళ్ళు నెట్టుకొస్తుంది, అందుకే మాత్రలు మానేసినవాడికి వెంటనే ఏమీ అనిపించదు. పాత నిలవతో నడిచే కొట్టులా పైకి బాగానే ఉంటుంది. అరికాళ్ళు తిమ్మిర్లెక్కేసరికి నరాలు దెబ్బతిని ఉంటాయి. ఆ విటమిన్ల మాత్రలోనే ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ పరిశోధన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారే.

వాంతులు ఆగకపోతే ప్రమాదం ఇంకా దగ్గర. బిల్‌రోత్ ఆపరేషన్ చేసిన ఆ 1881లోనే కార్ల్ వెర్నికే ఒక మెదడు జబ్బుని వర్ణించాడు. ఆయన చూసిన ముగ్గురిలో ఇద్దరు తాగుడుకి బానిసలు. మూడో ఆమె బట్టలు కుట్టుకునే అమ్మాయి, సల్ఫ్యూరిక్ ఆమ్లం మింగి జీర్ణాశయం పాడై, వాంతులతో చిక్కిపోయినది. చూపు తేడా, నడక తూలడం, మతి తప్పడం. కారణం బి1 లోపమని చాలాకాలం తర్వాత తేలింది. బి1 నిలవ ఒంట్లో కొన్ని వారాలకే సరిపోతుంది. కాబట్టి ఆపరేషన్ అయినవాళ్ళకి రోజుల తరబడి వాంతులైతే, "వేడి చేసింది, మజ్జిగ తాగించండి" అని కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇన్ని ఖర్చులుంటే ఈ ఆపరేషన్ ఎందుకని మీరడగవచ్చు. జమ వైపు కూడా చూడాలి కదా. స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక అధ్యయనం ఫలితాలు 2007లో వచ్చాయి. ఆపరేషన్ చేయించుకున్న 2010 మందిలో, సగటున సుమారు 11 ఏళ్ళలో 101 మంది చనిపోయారు. చేయించుకోని 2037 మందిలో 129 మంది. ఆడిటర్‌గా రెండు అభ్యంతరాలు రాస్తాను: అందులో ఎక్కువ భాగం ఇప్పుడు చెయ్యని పాత పద్ధతి ఆపరేషన్లు, పైగా ఎవరికి ఆపరేషన్ అన్నది చీటీ తీసి నిర్ణయించలేదు. అయినా జమ ఉందని ఒప్పుకోక తప్పదు. తీవ్రమైన స్థూలకాయం, మధుమేహం ఉన్నవాళ్ళకి ఇది సోకు కోసం చేసే పని కాదు.

ఈ చరిత్రంతా తిరిగితే వంటింట్లో మిగిలేది నాలుగు ముక్కలు. ముందు పప్పు, గుడ్డు, చేప, పనీరు లాంటి మాంసకృత్తులు, తర్వాతే అన్నం. చిన్న ముద్ద, బాగా నమిలి, నెమ్మదిగా. భోజనంతో పాటు నీళ్ళు కాదు, అరగంట ఎడంగా. తీపికి దూరం. మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతం. ఇందులో ప్రతి ముక్క వెనకా ఎవరో ఒక రోగి పడ్డ బాధ, దాన్ని దాచకుండా రాసిపెట్టిన ఒక వైద్యుడు ఉన్నారు.

మన మర్యాదలు కూడా కొంచెం మారాలి. విస్తరి ముందు కూర్చున్న మనిషి చాలు అంటే, అది మొహమాటం అనుకుని "ఇంకొక్కటి" అని వడ్డించెయ్యకండి. ప్రసాదమైనా సరే, పేగుకి చక్కెర చక్కెరే. మీ ఇంట్లో ఈ ఆపరేషన్ అయినవాళ్ళుంటే, చివరిసారి బి12 పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో ఇవాళే అడగండి. మిరపకాయలు పచ్చడికి దాచుకోండి.