తలుపు అవతల సొంత గొంతు

1990లలో బెంగళూరు పాత పేటల్లో ఇళ్ల తలుపుల మీద, గోడల మీద సుద్దముక్కతో రాసిన రెండు కన్నడ మాటలు కనిపించేవి: నాళె బా. రేపు రా అని. చచ్చిపోయిన ఒకావిడ రాత్రిళ్లు వీధుల్లో తిరుగుతోందని, తలుపు తట్టి ఇంట్లోవాళ్ల సొంత మనిషి గొంతుతో పిలుస్తుందని, తలుపు తీసినవాళ్లు బతకరని పుకారు. తలుపు మీద ఆ రాత ఉంటే చదువుకుని వెనక్కి పోతుంది. మర్నాడు మళ్లీ వస్తుంది, మళ్లీ చదువుతుంది, మళ్లీ పోతుంది. ఇంచుమించు ఆ కాలంలోనే మన పల్లెల్లోనూ ‘ఓ స్త్రీ రేపు రా’ అని గోడలెక్కింది. ఇది చదివేవాళ్లలో చిన్నప్పుడు ఆ అక్షరాలు దిద్దినవాళ్లు తప్పకుండా ఉంటారు.

ఆ రోజుల్లో ఎన్నో ఇళ్లు గడిపి ఉండే రాత్రుల్ని ఒక్క ఇంట్లోకి తెచ్చి చెబుతున్నాను. ఇంటినీ మనుషుల్నీ నేను కూర్చాను. తలుపు మీది రాత, పేటలో భయం మాత్రం ఉన్నవే.

శ్రీరాంపురలో ఒక వఠార. ఒకే ఆవరణ, వరసగా చిన్న చిన్న వాటాలు, అందరికీ కలిపి ఒకటే కొళాయి. చివరి వాటాలో కుప్పం వైపు నుంచి వచ్చిన కుటుంబం. కొడుకు పీణ్యలో రెండో షిఫ్టుకు వెళ్లాడు. ఇంట్లో తల్లి, కోడలు, స్కూలుకెళ్లే పిల్ల. కరెంటు పోయింది. కొడుకు రోజూ వచ్చే వేళ దాటి చాలాసేపయింది. కోడలు అన్నం గిన్నె మీద పళ్లెం మూతపెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది.

తలుపు చప్పుడైంది.

“మా... నేనేమా. తలుపు తియ్యి.”

కోడలు లేవబోయింది. అత్త ఆమె కొంగు పట్టుకుంది.

“ఉండు పాపా. మూడుసార్లు పిలవనీ.”

రెండోసారి పిలిచాడు. మూడోసారి గొంతులో కోపం కూడా వచ్చింది. “ఆఖరి బీటీఎస్ బస్సు పోయింది. యశవంతపురం మీదుగా నడిచొచ్చినా. కాళ్లు పీకతా ఉండాయి, తియ్యిమా.”

అంతా సరిగానే ఉంది. గొంతు వాడిదే, మాట వాడిదే, విసుగు వాడిదే. ముసలామెను భయపెట్టింది సరిగ్గా అదే. సొంత మనిషిలా పిలుస్తుందనే కదా వఠార అంతా చెప్పుకుంటోంది!

“మన ఊళ్లో ఆవు పేరేంది?” అని లోపల్నుంచే అడిగింది.

బయట ఒక క్షణం మాట లేదు. తర్వాత “గౌరి” అన్నాడు. “అయినా ఇప్పుడు ఆవు పేరెందుకుమా?”

ఆమె నమ్మలేదు. గొంతు తెలిసినదానికి ఆవు పేరు తెలియకుండా పోతుందా? ఏం అడిగినా అంతే, వాడికి తెలిసిందంతా దానికీ తెలిసే ఉంటుంది. పిల్ల నిద్రలేచి “నాయనా!” అని కేక వేసింది. కోడలు పిల్ల నోరు మూసింది. మొగుడి గొంతు వింటూ కూతురి నోరు మూయాల్సి వచ్చింది ఆ మనిషికి.

చివరికి ముసలామె కిటికీ రెక్క బెత్తెడు తీసింది. “చెయ్యి లోపల పెట్టు.”

కమ్మీల మధ్య నుంచి కుడిచెయ్యి లోపలికొచ్చింది. చలికి బిర్రబిగిసి ఉంది. ఆమె చీకట్లోనే ఒక్కో వేలూ తడుముకుంటూ పోయింది. చూపుడు వేలి కొస దగ్గర ఆగింది. మిషను కింద పడి తెగి, గోరు వంకరగా మొలిచిన వేలు. ఆసుపత్రి నుంచి తెచ్చాక నెల రోజులు ఆ వేలికి కట్టు మార్చింది ఆమే. అక్కడే కాసేపు పట్టుకుని ఉండిపోయింది. తర్వాత గడియ తీసింది.

లోపలికొచ్చి అరిచాడు, అన్నం తినకుండా పడుకున్నాడు. తెల్లారి కొళాయి దగ్గరికి వెళ్లేముందు పిల్ల సంచిలోంచి సుద్దముక్క తీసి, మంచుకు చెరిగిపోయిన అక్షరాల మీద తనే మళ్లీ గట్టిగా దిద్దాడు.

నడిచే శవాల కథలు రాయాలని ఇంతమందికి ఎందుకు అనిపిస్తుందని అడిగేవాళ్లకు నేను ఈ కిటికీ చూపిస్తాను. నెత్తురు, కుళ్లిన ఒళ్లు, గుంపులుగా ఈడ్చుకుంటూ నడవడం, ఇవన్నీ పైపై సరంజామా. రాసేవాణ్ని కూర్చోబెట్టేది గడియ మీద ఉన్న చెయ్యి. ప్రాణంగా చూసుకునే మనిషిని బయటే నిలబెట్టాల్సిన పరిస్థితి వేరే ఏ కథలో ఇంత సూటిగా వస్తుంది?

1968లో జార్జ్ రొమేరో పిట్స్‌బర్గ్ దగ్గర తక్కువ డబ్బుతో, నలుపు తెలుపుల్లో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ తీశాడు. ఈనాటి జాంబీ కథలన్నిటికీ దారి అక్కడే పడింది. అందులో మొదట్లోనే శ్మశానంలో చనిపోయిన అన్న, చివర్లో శవాల గుంపుతో తలుపు దగ్గరికొచ్చి చెల్లెల్ని లాక్కుపోతాడు. నేలమాళిగలో దాచి కాపాడుకున్న కూతురే తల్లిని చంపుతుంది. అంతకు చాలా ముందు హైతీలో ఫ్రెంచి చెరుకు తోటల బానిసలకు ఒక భయం ఉండేది: చచ్చాక కూడా చాకిరీ తప్పదేమోనని. 1929లో విలియమ్ సీబ్రూక్ పుస్తకం ఆ నమ్మకాన్ని అమెరికాకు చేర్చింది, 1932లో ‘వైట్ జాంబీ’ దాన్ని తెరకెక్కించింది. వెన్నులో చలి పుట్టించే సినిమాలు ఎన్ని వచ్చినా, ఆ బానిసల భయం ముందు అవన్నీ చిన్నవేనని నా నమ్మకం.

మనవైపు శవానికి మాటలొచ్చు. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానపురం రాజు భుజానికి శవాన్నెత్తాడు. అందులోని బేతాళుడు కథ చెప్పి చిక్కుప్రశ్న వేస్తాడు. 1947లో మొదలైన చందమామ ఆ శవాన్ని మన ఇళ్లకు తెచ్చింది. చిత్రకారుడు శంకర్ గీసిన ఆ బొమ్మ, చేతిలో కత్తి, భుజాన శవం, తెలియని తెలుగు పిల్లలు లేరు. పాత కథలు పాతికే అయినా తెలుగు రచయితలు వందలకొద్దీ కొత్తవి కల్పించి అదే శవం చేత చెప్పించారు. శవాన్ని మోస్తూ, దానితో వాదిస్తూ నడిచే అలవాటు మన కథకు ఉంది. మన దగ్గర జాంబీ కథ రాసేవాళ్లు ఈ ఆస్తిని వాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. మూగ గుంపును అరువు తెచ్చుకుని ఆగిపోతున్నారు.

2021 ఫిబ్రవరి 5న ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ విడుదలైంది. స్నేహితుడి పెళ్లికని కర్నూలు వెళ్లిన కుర్రాళ్లు ముఠా కక్షల మధ్య శవాల పాలబడతారు. అరువు సరుకును సీమ గడ్డ మీద నాటిన తెగువ దానిది. ఆ తర్వాత రెండు నెలలకే, కరోనా రెండో అలలో, బెంగళూరులో శ్మశానాల ముందు అంబులెన్సులు బారులు తీరాయి. తావరెకెరె దగ్గర గిడ్డేనహళ్లిలో ఆరుబయలే దహనాలకు చోటు చేయాల్సి వచ్చింది. సొంతవాళ్ల ముఖం చూడకుండా, చెయ్యి తాకకుండా పంపించిన ఇళ్లు ఎన్నో. ఆ ముసలామెకు కిటికీ కమ్మీల మధ్య దొరికిన వేలు వాళ్లకు దొరకలేదు. ఆ ఇళ్ల గురించి రాయాలంటే మామూలు కథకు గొంతు పెగలదు. దయ్యం కథ మాత్రం ఆ పని చేయగలదని నేను నమ్ముతాను. చచ్చినవాణ్ని లేపి గుమ్మం ముందు నిలబెట్టి, చెప్పకుండా మిగిలిన మాట చెప్పించే వీలు దానికే ఉంది.

ఇప్పుడు వఠారలు చాలావరకు పోయాయి. అపార్టుమెంటు తలుపుకు కెమెరా, కింద గేటు దగ్గర సెక్యూరిటీ. నాళె బా ఆవిడ లిఫ్టెక్కే లోపే ఫోనులో మెసేజ్ వస్తుంది. అయితే ఆమె పాత విద్య ఇంకొకరికి అబ్బింది. నాలుగు ముక్కల మాట రికార్డు దొరికితే చాలు, కంప్యూటరు అచ్చం కొడుకు గొంతుతో తల్లికి ఫోన్ చేస్తుంది: యాక్సిడెంటయింది, అర్జెంటుగా డబ్బు పంపమని. ఇలా మోసపోయిన ఇళ్లు మన దేశంలోనూ ఉన్నాయి. ఫోనులో కమ్మీల్లేవు, చెయ్యి పెట్టించడానికి లేదు. ఆవు పేరు కూడా ఎప్పుడో ఫేస్‌బుక్‌లో పెట్టేసి ఉంటారు. అవతలివాడు నిజంగా కొడుకే అయి, నిజంగానే రోడ్డు పక్కన పడి ఉంటే, తల్లి నమ్మక ఫోను పెట్టేస్తే? బెంగళూరులో ఉండి తెలుగులో రాసేవాళ్లెవరైనా ఈ కథ అందుకోండి.